కొట్టేసినా కనబడే మాట: పన్నెండు వారాల పోస్ట్‌మోడర్న్ కోర్సు మీద నా రివ్యూ

నేను ప్రూఫ్ రీడర్ని. ఇరవై రెండేళ్ళుగా వేరేవాళ్ళ తప్పులు పట్టుకోవడమే నా బతుకుతెరువు. అందుకేనేమో, ఈ ఆన్‌లైన్ కోర్సులో నన్ను మొదట కుదిపింది తత్వవేత్తలెవరూ కాదు. నాలుగో వారం వీడియోకి జతచేసిన ట్రాన్‌స్క్రిప్ట్.

ఆ వారం పాఠం ఫ్రెంచి తత్వవేత్త దెరిదా మీద. ‘తేడా’ అనే అర్థం వచ్చే ఫ్రెంచి మాటలో ఏడో అక్షరం ‘ఈ’. దాన్ని తీసేసి ఆయన కావాలని ‘ఏ’ పెట్టాడు. పలికితే అసలు మాటా, ఈ కొత్త మాటా ఒకేలా వినిపిస్తాయి: డిఫెరాన్స్. మార్పు కంటికి తెలుస్తుంది, చెవికి తెలియదు. నోటి మాటే అసలు, రాత దాని నీడ అని ప్లేటో కాలం నుంచి వస్తున్న నమ్మకాన్ని ఒక్క అక్షరంతో గిల్లి వదిలాడు. నలభై నిమిషాల పాఠం ఆ ‘ఏ’ చుట్టూనే తిరిగింది. అంతా విని, సరిగ్గా అర్థమైందో లేదో చూసుకుందామని ట్రాన్‌స్క్రిప్ట్ తెరిస్తే, ఎవరో, బహుశా ఏదో సాఫ్ట్‌వేర్, ఆ మాట వచ్చిన ప్రతిచోటా మళ్ళీ ‘ఈ’ పెట్టి శుభ్రంగా దిద్దేసి ఉంది. లెక్కపెట్టాను, పదిహేడు చోట్ల. పాఠం ఏ తప్పు గురించో ఆ తప్పు మాయం!

సపోర్టుకి రాశాను. రెండు రోజులకి జవాబొచ్చింది: ‘స్పెల్లింగులు మళ్ళీ సరిచూశాం, అన్నీ కరెక్టుగానే ఉన్నాయి.’ ఏం అంటాం.

నోట్సు తెలుగులో రాసుకుంటుంటే ఇంకో చిక్కు వచ్చిపడింది. మన లిపి చెవిని నమ్ముకున్న లిపి. ఆ రెండు మాటల్నీ తెలుగులో రాస్తే తేడాయే ఉండదు, పైన నేను రాసినట్టే. దానికి కాస్త దగ్గరగా వచ్చేది మన ‘బాధ’ ఒకటే అనిపించింది. నా దగ్గరికొచ్చే ప్రతుల్లో ‘భాద’ అని రాసేవాళ్ళకి కొదవలేదు. చాలామంది నోట రెండూ ఒకేలా పలుకుతాయి కాబట్టి ఎవరికీ పట్టింపు ఉండదు. నేను కొట్టేసి సరైనది పైన రాస్తాను. రేపెవరైనా వచ్చి ‘అది కావాలనే అలా రాశానండీ’ అంటే నా ఎర్ర పెన్ను ఏమైపోవాలి?

సరే, కోర్సు సంగతి. పేరు, నడిపే సంస్థ పేరు ఇక్కడ రాయను. ఈ మూసలో వచ్చే కోర్సులు చాలానే ఉన్నాయి, మంచీ చెడూ కాస్త అటూ ఇటూగా అన్నిటికీ వర్తిస్తాయి. పన్నెండు వారాలు, వారానికి రెండు వీడియోలు, ఇరవై పేజీల చదువు, రెండు వారాలకోసారి లైవ్ చర్చ, చివర్లో ఒక వ్యాసం. మొదటి ఐదు వారాలు తత్వశాస్త్రం, మిగతా ఏడు దైవశాస్త్రం. చెప్పేది ఒకే మాస్టారు. కష్టమైన వాక్యం రాబోతోందంటే ముందుగా గ్లాసెత్తి నీళ్ళు తాగుతాడు. మూడో వారానికి నాకు ఆ గ్లాసు చూస్తేనే టెన్షన్ మొదలయ్యేది.

నేను చేరడానికి కారణం ఉంది. మా నాన్న పాస్టరు. నలభై ఏళ్ళు వాక్యం చెప్పి రిటైరయ్యారు, ఇప్పుడు మాతోనే ఉంటున్నారు. చూపు తగ్గింది, వినికిడి మాత్రం పాము చెవులే. నేను చర్చికి వెళ్ళడం మానేసి పదిహేనేళ్ళు. ఆ విషయం మేమిద్దరం మాట్లాడుకోం. నేను స్పీకర్లో పాఠాలు పెట్టుకుని పని చేసుకుంటుంటే పక్క గదిలోంచి ఆయనా విన్నారు. ఫీజు ఒకరిది, శ్రోతలు ఇద్దరు.

మొదటి వారం ఇంకో ఫ్రెంచి తత్వవేత్త లియోతార్. 1979లో వచ్చిన ఆయన పుస్తకంలోంచే, పోస్ట్‌మోడర్న్ అంటే ‘మహాకథనాల మీద అపనమ్మకం’ అన్న మాట లోకమంతా పాకింది. అది నిజానికి కెనడాలోని క్వెబెక్ ప్రభుత్వపు విశ్వవిద్యాలయ మండలి అడిగితే రాసిచ్చిన రిపోర్టని నాకు ఇప్పుడే తెలిసింది. కంప్యూటర్లు వచ్చాక జ్ఞానం పరిస్థితేమిటి అన్నది అసలు ప్రశ్న. విజ్ఞానానికి ‘మానవజాతి విముక్తి’ అనో, ‘సమస్త జ్ఞానం చివరికి ఒకటవుతుంది’ అనో ఒక పెద్ద కథ వెన్నుదన్నుగా ఉండేది, ఇప్పుడు ఆ కథల్ని ఎవరూ నమ్మడం లేదన్నాడు. మతం గురించి అన్నది కాదు ముఖ్యంగా. కానీ ఆ ఒక్క ముక్క పట్టుకుని ‘ఇక దేవుడి కథ కూడా చెల్లదు’ అనేవాళ్ళూ ఉన్నారు, ‘చూశారా, సైన్సు కథ చెల్లదు’ అని చంకలు గుద్దుకునేవాళ్ళూ ఉన్నారు. మాస్టారు ఇద్దర్నీ కూర్చోబెట్టి, అసలు పేరా చదివి వినిపించాడు. ఇలాంటి చోట ఈయన బాగుంటాడు.

మరో ఫ్రెంచి తత్వవేత్త ఫూకో మీద పాఠం ఇంకా బాగుంది. 1975 నాటి పుస్తకం ఎలా మొదలవుతుందో అది మాత్రమే చూపించాడు. 1757లో రాజు మీద కత్తి ఎత్తిన దామియాఁ అనే మనిషిని పారిస్‌లో జనం మధ్య చిత్రహింసలు పెట్టి చంపిన వర్ణన. ఆ వెంటనే, ఎనభై ఏళ్ళ తర్వాతి బాలనేరస్థుల జైలు టైంటేబుల్: ఇన్ని గంటలకి లేవాలి, ఇన్ని గంటలకి ప్రార్థన, ఇన్ని గంటలకి పని. రెండూ పక్కపక్కన పెట్టి నీళ్ళు తాగాడు. దయ పెరిగిందని మనం అనుకుంటాం, పట్టు మారిందంటాడు ఫూకో. దెరిదా చూపు రాసిన మాట మీద ఉంటే ఈయన చూపు ఒంటి మీద, గంట మీద, గది మీద ఉంటుంది. ఇద్దర్నీ ‘పోస్ట్‌మోడర్నిస్టులు’ అని ఒకే సంచిలో వేస్తాం గానీ వాళ్ళిద్దరికీ పడలేదు. ఉన్మాదం చరిత్ర మీద 1961లో ఫూకో రాసిన పుస్తకాన్ని, అందులో దెకార్త్ మీదున్న కొద్ది పేజీలు పట్టుకుని, 1963లో దెరిదా ఒక ఉపన్యాసంలో ఏకిపారేశాడు. ఫూకో 1972లో జవాబు రాస్తూ దెరిదా పద్ధతిని చిల్లర పంతులుతనంగా తీసిపారేశాడు. ఈ గొడవ చెప్పకుండా పోస్ట్‌మోడర్నిజం బోధించకూడదని నా అభిప్రాయం. ఈ కోర్సు చెప్పింది, దానికి మార్కులు వేస్తాను.

దెరిదాకి రెండు వారాలిచ్చారు. ఆ ఫ్రెంచి క్రియకి ‘వేరుగా ఉండటం’, ‘వాయిదా వేయడం’ అని రెండర్థాలున్నాయి. నిఘంటువులో ‘ధర్మం’ చూస్తే ‘న్యాయం’ అని ఉంటుంది, ‘న్యాయం’ చూస్తే మళ్ళీ ‘ధర్మం’ దగ్గరికి పంపుతుంది. అర్థం ఎక్కడా కూర్చోదు, పక్క గుమ్మం చూపిస్తూనే ఉంటుంది. ‘పాఠానికి బయట ఏమీ లేదు’ అని 1967లో అన్నందుకు, పుస్తకాలు తప్ప లోకమే లేదన్నాడని జనం తిట్టిపోశారు. సందర్భం లేకుండా ఏదీ ఉండదని తన భావమని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. ప్రతుల మధ్య బతికేదాన్ని, నాకు ఇందులో వింతేమీ కనబడలేదు. వాక్యం పక్క వాక్యాన్ని బట్టి మారిపోవడం రోజూ చూసేదే.

బోద్రియార్‌ని అరపూటలో ముగించారు, నష్టమేమీ లేదు. రోర్టీని మాట మాత్రంగా తలిచి వదిలేశారు, అది నష్టమే. 1996లో భౌతిక శాస్త్రవేత్త సోకల్ కావాలని అర్థంపర్థం లేని వ్యాసం రాసి ఒక పేరున్న పత్రికలో వేయించిన ముచ్చట కూడా ఒక్క వాక్యంలో దాటేశారు. ఈ ఆలోచనల మీద ఎక్కువమందికి ఉన్న అనుమానమే అది కదా, దాని దగ్గర కాసేపు ఆగాల్సింది. జర్మన్ తత్వవేత్త హాబర్మాస్ విమర్శ మాత్రం సరిగానే పెట్టారు: తర్కం మొత్తాన్నీ అనుమానించాలని తర్కంతోనే వాదిస్తున్నారు కదా, మీరు నిలబడ్డ కొమ్మ ఏది అని ఆయన అడుగుతాడు. పక్క గదిలోంచి నాన్న, ‘బాగా అడిగాడు’ అన్నారు. అంతదాకా ఆయన వింటున్నారని నాకు తెలీదు.

ఇక ఆరో వారం. కోర్సుకి ప్రాణం ఇక్కడుంది. జర్మన్ తత్వవేత్త హైడెగర్ 1957లో అచ్చువేసిన ఒక ఉపన్యాసం తీసుకున్నారు. పాశ్చాత్య తత్వశాస్త్రం దేవుణ్ణి తన లెక్క సరిపోవడానికి తెచ్చిపెట్టుకుంది, అన్నిటికీ కారణం కావాలి కాబట్టి తనకు తానే కారణమైన ఒకదాన్ని పైన కూర్చోబెట్టింది అంటాడు. అలాంటి దేవుడికి మనిషి మోకరించలేడు, ఆయన ముందు పాడలేడు, ఆడలేడు అని కూడా అంటాడు. నాన్న లేచొచ్చి నా కుర్చీ పక్కన నిలబడ్డారు. ‘కారణానికి ఎవరమ్మా మొక్కేది? ఈయన ఏ సంఘం?’ అని అడిగారు. ఏ సంఘమూ కాదని, ఆయన నాజీ పార్టీలో చేరిన మనిషని చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. ‘మాట మంచిదే’ అని వెళ్ళిపోయారు.

ఆ వారమే మాస్టారు ఒక తెల్లబోర్డు మీద మూడు మాటలు రాసి మూడింటినీ కొట్టేశాడు. 1950ల మధ్యలో హైడెగర్ ‘ఉనికి’ అన్న మాట రాసి దాని మీద అడ్డంగా రెండు గీతలు గీశాడు, మాట కింద కనబడుతూనే ఉంటుంది. 1967లో దెరిదా మాటల్ని అలాగే గీతల కింద ఉంచాడు: ఇది చాలదు, కానీ ఇది లేకుండా గడవదు అని. 1982లో మారియాన్ అనే కాథలిక్ తత్వవేత్త ‘దేవుడు’ అన్న మాట మీదే అడ్డగీతలు వేశాడు. నా వృత్తిలో ఆ గీతకి ఒకటే అర్థం, తీసెయ్యమని. వీళ్ళు తీసెయ్యరు. ముగ్గురిదీ ఒకే గీత, ముగ్గురి ఉద్దేశాలూ వేరు. హైడెగర్ మాటని కాపాడటానికి కొట్టేశాడు. దెరిదాకి మాట మీద అప్పు ఉంది, నమ్మకం లేదు. మారియాన్‌కి ఆ గీతలు సిలువ కూడా. ఈ బోర్డు చూశాక నాకు మిగతా ఆరు వారాలూ తాళంచెవి దొరికినట్టయింది. ఎవరొచ్చినా, ‘నువ్వు ఏ మాటని కొట్టేస్తున్నావు, కింద ఏం కనబడనిస్తున్నావు?’ అని అడగడం మొదలుపెట్టాను.

అమెరికన్ దైవశాస్త్రవేత్త టేలర్‌ని అలా అడిగితే అన్నీ కొట్టేశాడని తేలింది. 1966లోనే అమెరికాలో ఆల్టైజర్ లాంటివాళ్ళు ‘దేవుడు మరణించాడు’ అన్న జర్మన్ తత్వవేత్త నీషే మాటని దైవశాస్త్రం లోపలికి తెచ్చేశారు, ఒక వార్తా వారపత్రిక ముఖచిత్రం మీద ఆ ప్రశ్నే అచ్చేసింది. 1984లో టేలర్ దాన్ని దెరిదాతో కలిపాడు. దేవుడు పోతే ‘నేను’ పోతాడు, చరిత్రకి చివర అనేది పోతుంది, మొదలూ తుదీ ఉన్న గ్రంథం అనే భావనా మూతపడుతుంది. ఆయన పుస్తకం పేరులోని ఇంగ్లీషు మాటకి తప్పు చేయడం, దారి తప్పి తిరగడం రెండూ వస్తాయని మాస్టారు ఐదు నిమిషాలు వివరించాడు. మనకి అంత కష్టం లేదు. ‘తప్పు’, ‘తప్పిపోవడం’ మన దగ్గర ఒకే ఇంటివి. కానీ చదివాక నాకు ఆకలి తీరలేదు. అన్నీ కొట్టేసిన పేజీలో ఇక ఏ గీత ఎందుకుందో తెలియదు.

ఇంకో అమెరికన్ దైవశాస్త్రవేత్త లిండ్‌బెక్ దగ్గర నా ప్రశ్న పనిచెయ్యలేదు. ఆయన దేన్నీ కొట్టెయ్యడు. అదే 1984లో ఆయన అన్నది: సిద్ధాంతాలు లోకం గురించిన సమాచారమూ కాదు, లోపలి అనుభూతికి పెట్టిన పేర్లూ కాదు, ముఖ్యంగా అవి ఒక సమాజం మాట్లాడే భాషకి వ్యాకరణం లాంటివి. ఆయన ఇచ్చిన ఉదాహరణ ఇప్పటికీ నా తలలో తిరుగుతోంది. ‘క్రీస్తు ప్రభువు’ అని అరుస్తూ మత యోధుడు ఎదుటివాడి పుర్రె చీల్చితే, ఆ క్షణాన ఆ వాక్యం అబద్ధమవుతుంది. అక్షరం మారలేదు, అచ్చుతప్పు లేదు, అయినా తప్పే. నా ఇరవై రెండేళ్ళలో ఇలాంటి తప్పుని పట్టే గుర్తు ఒక్కటి కూడా నేర్చుకోలేదు. వ్యాకరణం అనగానే నాకు ఇష్టం పుట్టింది, ఒప్పుకుంటాను. అయితే ఒక భాష వాళ్ళు ఇంకో భాష వాళ్ళతో ఎలా మాట్లాడాలి అంటే లిండ్‌బెక్ దగ్గర గట్టి జవాబు నాకు దొరకలేదు. మాస్టారు కూడా అక్కడ నీళ్ళు తాగి ఊరుకున్నాడు.

మారియాన్ వారం గురించి ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఈ కోర్సు కొనాల్సింది దాని కోసమే. విగ్రహం, ఐకాన్ అని ఆయన రెండు చూపుల్ని విడదీస్తాడు. విగ్రహం దగ్గర మన చూపు ఆగిపోతుంది, అది మన కోరికకి పట్టిన అద్దం. ఐకాన్ దగ్గర మన చూపు దాటిపోతుంది, పైగా అవతల నుంచి మనల్నే ఎవరో చూస్తున్నట్టు ఉంటుంది. రాయీ రప్పా గురించి కాదు ఆయన చెప్పేది. భావన కూడా విగ్రహం కావచ్చు. ‘ఆది కారణం’ అన్న నిర్వచనం కూడా మనం చెక్కుకున్న బొమ్మే. అందుకని దేవుణ్ణి ‘ఉనికి’ అనే చట్రంలోంచే బయటికి తీస్తాడు. ముందు ఉండి ఆ తర్వాత ప్రేమించేవాడు కాదు దేవుడు, ప్రేమే ముందు. ఉనికి కంటే ఇవ్వడం ముందు.

1997లో అమెరికాలోని విల్లనోవా విశ్వవిద్యాలయంలో ఆయనా దెరిదా ఎదురెదురుగా కూర్చుని, ఐరిష్ తత్వవేత్త కియర్నీ మధ్యవర్తిగా, ‘ఇవ్వడం’ గురించి వాదించుకున్నారు. అచ్చయిన ఆ సంభాషణ మాకు చదవడానికిచ్చారు. దెరిదా వాదం ఇది: నేనిచ్చింది బహుమతి అని నీకు తెలిసిన మరుక్షణం నీ మీద రుణం పడుతుంది, అది ఇచ్చిపుచ్చుకోవడం అయిపోతుంది. నాకు తెలిసినా అంతే, నన్ను నేను మెచ్చుకుంటాను, జమ అయిపోతుంది. కాబట్టి బహుమతి బహుమతిగా కనబడలేదు. అలాగని అది లేదని ఆయన అనడు, దాని కోసం ఆశ పడకుండా ఉండలేమంటాడు. మారియాన్ అక్కడ పక్కదారి తీస్తాడు. ఇచ్చేవాణ్ణో, పుచ్చుకునేవాణ్ణో, ఇచ్చిన వస్తువునో, ఒకదాన్ని పక్కన పెట్టి చూడండి, వ్యాపారం ఆగిపోతుంది, ఇవ్వడం మిగులుతుంది. శత్రువుకిస్తే తిరిగి రాదు. చనిపోయినవాళ్ళు ఇచ్చింది వాళ్ళకి తిరిగివ్వలేం.

ఇది నేను నాన్నకి తెలుగులో చెప్పాల్సొచ్చింది, ఆయనే అడిగారు. విని, ‘కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదని ప్రభువు చెప్పిందేగా ఇది. ఇందులో కొత్తేముంది?’ అన్నారు. మర్నాడు చదువు పొట్లంలో చూస్తే, మరణమనే కానుక మీద రాస్తూ దెరిదా సరిగ్గా మత్తయి సువార్త ఆరో అధ్యాయం దగ్గరికే వెళ్ళాడు. ఆ మాట ఆయనకి చెప్తే నవ్వి, ‘ఆ అబ్బాయి వాక్యం బాగానే చదివాడు’ అన్నారు. ఆ అబ్బాయి 1930లో పుట్టి 2004లో పోయాడని చెప్పలేదు.

లైవ్ చర్చలో ఒకాయన ‘ఇదంతా మన ఉపనిషత్తుల నేతి నేతి కదా’ అన్నాడు. ఇంకొకరు బౌద్ధ తత్వవేత్త నాగార్జునుణ్ణి తెచ్చారు. మాస్టారు ఇద్దర్నీ గౌరవంగానే విని, దెరిదా 1986లో జెరూసలేంలో ఇచ్చిన ఉపన్యాసం చెప్పాడు. ఇది కాదు, ఇది కాదు అంటూ పోయే క్రైస్తవ మార్గం చివరికి అన్నిటికీ మించిన ఒక పరమ ఉనికిని దాచిపెట్టుకుంటుందని, తను అలా ఏదీ దాచుకోవడం లేదని దెరిదా అభ్యంతరం. నాగార్జునుడు మాత్రం దాచుకోడు కదా, అక్కడ పోలిక ఇంకా ముందుకెళ్ళేది. టైమైపోయిందని కట్ చేశారు. మళ్ళీ ఆ ఊసే లేదు. తూర్పు వైపు ఆలోచన ఈ కోర్సులో ఆ ఏడు నిమిషాలే.

అమెరికన్ తత్వవేత్త కపూటో దెరిదా శిష్యుడనొచ్చు, కానీ ప్రార్థన చేసే శిష్యుడు. ఆ విల్లనోవా సభని ఏర్పాటు చేసినవాళ్ళలో ఆయనొకడు. దేవుడు అనే పేరులో ఏదో జరగబోతూ ఉంటుంది, దానికి బలం లేదు, సైన్యం లేదు, అది పిలుస్తుంది అంతే అంటాడు. ఇంగ్లీషులో ఒక శబ్దాల ఆటతో చెప్పిన మాటని నేను తెలుగులో ఇలా రాసుకున్నాను: దేవుడు ఉండడు, పట్టుబడతాడు. వింటున్నప్పుడు ఒళ్ళు జలదరిస్తుంది. పడుకునే ముందు తలుచుకుంటే మాత్రం, పిలుపు ఎవరిదో చెప్పకుండా పరుగెత్తమంటున్నాడేమో అనిపిస్తుంది.

వాట్టిమో కథ వేరు. ఆయన కొట్టేసిన మాట ‘బలం’. ఇటలీలో 1983లో ‘బలహీన ఆలోచన’ అన్న పేరుతో మొదలుపెట్టి, 1996కల్లా ‘నమ్ముతున్నానని నమ్ముతున్నాను’ అనేదాకా వచ్చాడు. ఫిలిప్పీయులకు రాసిన పత్రికలో క్రీస్తు ‘తన్ను తానే రిక్తునిగా చేసికొనెను’ అన్న మాట ఆయనకి ఆధారం. దేవుడే తన గొప్పతనం ఖాళీ చేసుకున్నాడు కాబట్టి మతం పట్టు సడలిపోవడం క్రైస్తవానికి ఓటమి కాదు, దాని నెరవేర్పే అంటాడు. చర్చికి వెళ్ళని నాకు ఇది ఎంత హాయిగా వినిపించిందంటే, అందుకే అనుమానం వచ్చింది. మనకి నచ్చిన తీర్పు ఇచ్చే జడ్జిని రెండుసార్లు చూడాలి.

ఇంగ్లండ్ దైవశాస్త్రవేత్త మిల్‌బ్యాంక్ వచ్చేసరికి గదిలో వాతావరణం మారిపోయింది. 1990 నాటి ఆయన పుస్తకం మొదటి వాక్యం, ఒకప్పుడు ‘లౌకికం’ అనేది లేదు. లౌకికం సహజమని, మతం పైన పూసిన రంగని మనం అనుకుంటాం. ఆయన తిరగేస్తాడు. లౌకికం అనేది కట్టిన కట్టడం, సామాజిక శాస్త్రాలు వేషం మార్చుకున్న దైవశాస్త్రాలే అంటాడు. తప్పంతా పదమూడో శతాబ్దం చివర డన్స్ స్కోటస్ అనే తత్వవేత్త దేవుడికీ జీవులకీ ‘ఉండటం’ ఒకే అర్థంలో వాడటంతో మొదలైందని వాళ్ళ బృందం చెప్పే కథ. స్కోటస్ పండితులు ఇది అన్యాయం అంటారు. నీషే వారసులందరూ లోకం మూలాన హింసే ఉందనుకుంటారు, క్రైస్తవం మూలాన శాంతి ఉందంటుంది, రెంటిలో ఒక కథ ఎంచుకోక తప్పదు అని మిల్‌బ్యాంక్ పిలుపు. నాన్న మొదటి వీడియోకి తల ఊపుతూ విన్నారు. రెండో వీడియో సగంలో, ‘ఇంత గట్టిగా అరుస్తూ శాంతి అంటాడేంటి?’ అని లేచిపోయారు. నాదీ అదే మాట. అపనమ్మకం అనే తాళంచెవి లియోతార్ దగ్గర అప్పు తీసుకుని, తలుపు తీసుకుని లోపలికెళ్ళి, లోపల గడియ పెట్టేసుకున్నాడు.

తత్వవేత్త వైట్‌హెడ్ నుంచి వచ్చిన పాయకి ఒక్క వీడియో. పన్నెండో వారం, మిగతా సర్దుళ్ళ మధ్య. ఇది అన్యాయం. 1929 నాటి వైట్‌హెడ్ మీద ఆధారపడి, 1980ల చివర గ్రిఫిన్ అనే దైవశాస్త్రవేత్త ‘మీ ఫ్రెంచివాళ్ళది పోస్ట్‌మోడర్నే కాదు, ఆధునికతనే చివరంటా లాగడం’ అన్నాడు. కూల్చడం కాదు, కొత్త లోకదర్శనం కట్టాలని ఆయన పట్టు. ఇక్కడ దేవుడు బలవంతం చెయ్యడు, ఒప్పిస్తాడు. లోకంతో పాటు తనూ మారతాడు. వైట్‌హెడ్ దేవుణ్ణి ‘మనల్ని అర్థం చేసుకునే తోటి బాధితుడు’ అన్నాడు. ‘బాధితుడు’ అని రాసి, ‘ధ’కి ఒత్తు సరిగ్గా పడిందో లేదో రెండుసార్లు చూసుకున్నాను. ఈ పాయకీ దెరిదా పాయకీ పేరు తప్ప చుట్టరికం లేదని మొదటి వారమే చెప్పి ఉంటే మాకు సగం తికమక తగ్గేది. 2003లో కేంబ్రిడ్జ్ వేసిన సంకలనం పోస్ట్‌మోడర్న్ దైవశాస్త్రాన్ని ఏడు రకాలుగా విడదీసి మొదట్లోనే ముందు పెడుతుంది. అందులో స్త్రీవాదం ఒక రకం. ఈ కోర్సులో ఆ పేరు ఒక్క స్లయిడ్‌లో చిన్న అక్షరాల్లో ఉంది. పన్నెండు వారాల్లో పూర్తి పాఠం దక్కిన ఆడమనిషి ఒక్కరూ లేరు. సర్వేలో ఇదే రాశాను.

చివరి వ్యాసానికి ఒకే పాఠ్యాన్ని తీసుకుని ముగ్గురితో చదివించమన్నారు. నేను నిర్గమకాండం మూడో అధ్యాయం పట్టుకున్నాను. మోషే పేరడిగితే వచ్చిన జవాబు మన తెలుగు బైబిల్లో ‘నేను ఉన్నవాడను అను వాడనైయున్నాను’ అని ఉంటుంది. చిన్నప్పుడు బట్టీ పట్టిన వాక్యం, నాలుక మెలికపడి నవ్వితే మొట్టికాయ తిన్న వాక్యం. ‘ఉన్నవాడను’ అనేది పాత గ్రీకు అనువాదం పోకడ. ఆ దారినే ‘దేవుడంటే ఉనికి’ అన్న తత్వమంతా నడిచింది. మారియాన్ దాని మీద యోహాను మాట, దేవుడు ప్రేమ, తెచ్చి పెడతాడు. కియర్నీ 2001లో హీబ్రూ వైపు తిరిగి, అది ‘ఉంటాను’ అనే మాటివ్వడమని చదివాడు, మనుషులు చెయ్యి కలిపితే కాగల దేవుడు. మూడోవాడుగా కపూటోని పెట్టాను. రాస్తూ హైడెగర్ పద్ధతిలో కొన్ని మాటలు కొట్టేసి అలాగే ఉంచాను.

దిద్దేది టీచరు కాదు, తోటి విద్యార్థులు ముగ్గురు. ఇది కోర్సులో అన్నిటికంటే నాసి ఏర్పాటు. ఒకరు ‘బాగుంది’ అని ఒక్క మాట రాశారు. ఒకరు నేను పెట్టని ఫుట్‌నోట్ గురించి మెచ్చుకున్నారు. మూడోవారు రెండు మార్కులు తగ్గించి కారణం రాశారు: ‘ప్రూఫ్ చూసుకోలేదు. కొట్టేసిన పదాలు ఫైనల్ కాపీలో అలాగే వదిలేశారు.’

ఎవరికి పనికొస్తుందంటే, ఈ పేర్లు అక్కడక్కడా విని, అందరూ ఒకే పార్టీ అనుకునేవాళ్ళకి. మూల గ్రంథాలు ఇప్పటికే చదివినవాళ్ళు ఆరో వారం, మారియాన్ వారం చూస్తే చాలు. తత్వశాస్త్రం అసలు తెలియనివాళ్ళు మొదటి వారం కాస్త ఓపిక పట్టాలి, కాంట్ తెలుసనుకునే మాట్లాడతాడు మాస్టారు. నమ్మకం ఉన్నవాళ్ళకి ఇది ప్రమాదమా అని అడిగితే, మా ఇంట్లో ఉన్న ఒకే ఒక్క నమ్మకస్తుడు పన్నెండు వారాలూ విని, ఆ మారియాన్ వీడియో ఇంకోసారి పెట్టమన్నారు. ఐదుకి మూడున్నర ఇస్తాను. ఆ అర తగ్గింది వైట్‌హెడ్ కోసం, ఒకటి తోటి విద్యార్థుల మార్కుల పద్ధతికి.

నాలుగో వారం ట్రాన్‌స్క్రిప్ట్ నిన్న మళ్ళీ తెరిచి చూశాను. పదిహేడూ అలాగే ఉన్నాయి.